ఏడో గుంత పేరు పోరి

క్లబ్బువాళ్లు వేయబోయే పుస్తకంలో మా అక్క ఒక గుర్రం. తెల్లటి ఆడగుర్రమట, కెప్టెన్ దొరకు ప్రాణమట, దాని పేరు పోరి అట. అది చచ్చిపోతే ఆయన మనసు విరిగి గోల్ఫు మైదానంలో ఏడో గుంతకు దాని పేరు పెట్టుకున్నాడట. ఈ సంగతి ఆమధ్య మా ఇంటికి వచ్చిన పిల్లవాడు తన ఫోనులోంచి చదివి వినిపించాడు. పిల్లవాడంటే ముప్ఫై దాటినవాడే, నా వయసుకు అందరూ పిల్లలే. క్లబ్బు చరిత్ర పుస్తకంగా తెచ్చే పని కమిటీ అతనికి అప్పగించిందట. పాత నౌకర్ల కుటుంబాలలో ఇంకా బతికి ఉన్నది మేమిద్దరం అక్కాచెల్లెళ్లమేనని ఎవరో చెప్పారట. 'బతికి' అనేటప్పుడు కొంచెం తడబడ్డాడు. మంచివాడే.

అక్క వరండాలో నల్లద్దాలు పెట్టుకుని చింతపండులోంచి గింజలు తీస్తోంది. అతను ఆవిడనే అడిగాడు, "అమ్మా, మీకు ఆ గుర్రం గుర్తుందా?" అని. నాకు ఒళ్లు మండిపోయింది. జీవితమంతా బడిపిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, నాలుగు కథల పుస్తకాలు రాసినదాన్ని, నా నోటికి మాటలు తక్కువా? నోరు తెరిచేలోగా అక్క నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"యాదికున్నది బిడ్డా," అంది. "మంచి గుర్రం. పిలిస్తే ఆగి తిరిగేది."

పిల్లవాడు సంబరపడిపోయి ఆ మాట కూడా ఫోనులోకి ఎక్కించుకున్నాడు. క్లబ్బు పండగనాడు ఏడో గుంత దగ్గర పోరి పేరుతో రాతిపలక పెడుతున్నామని, మీరిద్దరూ వచ్చి ముసుగు తీస్తే మాకెంతో గౌరవమని చెప్పి, కారు పంపిస్తానని చెప్పి వెళ్లాడు. అక్క సరేనంది. గింజలు ఒకవైపు, పండు ఒకవైపు వేసుకుంటూ ఉండిపోయింది. అతను మళ్లీ వచ్చి అడిగితే నేను చెప్పను. అడగని ఈ కాగితానికి మాత్రం చెప్పేస్తాను.

మా నాయన దేవదానం ఆ క్లబ్బులో బట్లరు. ఈ మాట ఆయన ఉండగా అని ఉంటే నా వీపు చిట్లేది, తనను తాను స్టీవార్డు అనుకునేవాడు. తెల్లకోటు, ఇత్తడి గుండీలు, తలకు పట్టీ. పొద్దున్నే నాయనమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసి పెడితే కోటును ఆయనే ఇస్త్రీ చేసుకునేవాడు, ఇంకొకరి చెయ్యి తగలనిచ్చేవాడు కాదు. ఆయన దగ్గర మూడు వాసనలు కలిసి వచ్చేవి. వంటగదిలోని సిరకా, అంటే వెనిగర్ వాసన, గుండీలు తోమే పాలిష్ వాసన, మైదానంలో వాడే కాలిన ఇంజను నూనె వాసన. ఈ మూడోది ఎంత ఉతికినా పోయేది కాదు. ఇప్పటికీ లారీ మరమ్మతు షెడ్డు పక్కనుంచి పోతే నాకు ముందు మా నాయన గుర్తొస్తాడు, తరువాత భయం గుర్తొస్తుంది.

క్లబ్బు పుట్టిన కథ నాయన చెబుతుంటే ఆదికాండం వింటున్నట్టు ఉండేది. నిజాం కాలంలో నెక్కొండ వైపు రైలు పట్టాల పని చూడడానికి వచ్చిన ఇంగ్లీషు ఇంజనీరు ఒకాయన, ఆదివారాలు పొద్దుపోక, ఊరి బయట ఎర్రమొరం బీడులో సిగరెట్ డబ్బాలు పాతించి, బంతిని కర్రతో కొడుతూ ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి వేసుకుంటూ తిరిగేవాడట. ఆయనను చూసి ఇంకో ఇద్దరు దొరలు చేరారు. డబ్బాలు తొమ్మిదయ్యాయి. ఒక రాతి బంగళా లేచింది. మా క్రైస్తవ వాడలో మాత్రం అది డబ్బాల బీడే, ఆ ఆట గుంతలాటే. ఆ నేలలో గడ్డి పెరగదు. తుమ్మ పెరుగుతుంది, రాళ్లు పెరుగుతాయి. తెల్లదొరల సీమలో గుంత చుట్టూ పచ్చగడ్డి చాపలాగా పరిచి ఉంటుందట. ఇక్కడ దానికి బదులు గుండ్రంగా ఇసుక పోసి, గాలికి లేచిపోకుండా కాలిన నూనె కలిపి, కర్రబద్దతో చదును చేసేవారు. తాగే నీళ్లకు వాడ ఆడవాళ్లు ఆ బీడు దాటి అవతలి బావికి పోవాలి, ఇక్కడ ఇసుకకు నూనె పూసేవారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మా నాయనమ్మ చుట్ట పొగ వదులుతూ అనేది.

నాకు బుద్ధి తెలిసేనాటికి తెల్లవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్ల టోపీలు, వాళ్ల రూల్సు, వాళ్ల పుడింగు మిగిలాయి. వకీళ్లు, ఆఫీసర్లు, గింజల మండి సేట్లు ఇద్దరు ముగ్గురు మెంబర్లు. అందరికీ పైన కెప్టెన్ దొర. ఆయన పటాలంలో కెప్టెనని వాడంతా అనుకునేది, నేను కూడా చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఆయన ములుగు అడవుల్లో కలప కంట్రాక్టరు. గోల్ఫు క్లబ్బుకు పెద్దగా ఎన్నుకున్నవాడిని కెప్టెన్ అంటారు, అంతే. తెల్లదొరలు ఉన్నప్పుడు బావికి పోయే ఆడవాళ్లను చూస్తే ఆట ఆపి పోనిచ్చేవారట. మనవాళ్లకు అది నామోషీ అయింది. కొత్త రూలు పెట్టారు. ఆట జరుగుతుండగా బీడులో ఎవరు కనపడినా దొర పోరడా అనో, పోరీ అనో కేక వేస్తాడు. కేక వినపడగానే ఉన్నచోట ఆగి, తిరిగి, మొహం చూపించాలి. ఎవరి ఇంటి మనిషో తెలియాలి కదా, ఆ ఇంటి మొగవాడిని మర్నాడు వరండా కింద నిలబెట్టాలి కదా.

ఒకరోజు అక్క బిందెతో వస్తూ కెప్టెన్ దొర కేక వినిపించుకోలేదు. నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది. ఎవరి బిడ్డో బంతులు వెతికే పోరగాళ్లు చెప్పేశారు. ఆ సాయంత్రం నాయన టీ ట్రే పట్టుకుని వరండాలోకి పోతే దొర అన్నాడట, "క్యా బట్లర్, నీ బిడ్డకు నా మాటంటే లెక్కలేదా?" అని. అందరూ టీ తాగి కప్పులు కింద పెట్టేదాకా నాయన ఆయన ఆటకర్రల సంచీ భుజాన వేసుకుని, ఇత్తడి గుండీల కోటుతో మెట్ల కింద నిలబడ్డాడు. ఇంటికి వచ్చాడు. అన్నం తిన్నాడు, ప్రార్థన చేయించాడు, ఆమెన్ అన్నాడు. అప్పుడు లేచి గోడమీది చింతబరికె తీశాడు. మా ఇంట్లో బైబిలు పెట్టే గూడు పక్కనే ఒక మేకు ఉండేది, దానికి ఆ బరికె ఉండేది.

ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం ప్రార్థన కాగానే మాకు కవాతు. అక్క నిండు బిందె నెత్తిన పెట్టుకుని పొయ్యి దగ్గరి నుంచి గడపదాకా నడవాలి. వెనక నేను చెంబుతో నడవాలి. నాయన తలుపు దగ్గర దొరలాగా నిలబడి "పోరీ!" అని కేక వేస్తాడు. ఆగాలి. తిరగాలి. మొహం పైకెత్తి "దొరా" అనాలి. నీళ్లు తొణికితే బరికె, తిరగడం ఆలస్యమైతే బరికె. ఆ రోజుల్లో మా ఇద్దరినీ ఆయన పేరు పెట్టి పిలిచినట్టు నాకు గుర్తులేదు. పాస్టరు అయ్యగారు చర్చిగుడిలో అక్కకు ఎస్తేరు అని, నాకు మార్త అని పెట్టిన పేర్లు గుడిలోనే ఉండిపోయాయి. ఇంట్లో ఇద్దరమూ పోరీలమే. అమ్మ నన్ను కని పోయింది కాబట్టి అడ్డుపడడానికి నాయనమ్మ ఒక్కతే ఉండేది.

"గిదేం కవాతురా దేవదానం? ఆడివోరగాండ్లను పోలీసుల్ల చేరుస్తానవా?" అనేది.

"నీకు తెల్వదు, ఊకో. దొర పిలిస్తే ఆగాలె, తిరగాలె, మొఖం చూపియ్యాలె. గంతే. బతుకాల్నంటే గదే సదువు."

"నువ్వు దొరవైతె గద పిలుసుడు. ముందుగాల గా తలపట్టీ తియ్యి, తినేటప్పుడు పులుసుల పడ్డది."

ఇలా వాళ్లు వాళ్లు అరుచుకుంటూ ఉంటే అక్క బిందెతో అలాగే తిరిగి నిలబడి ఉండేది, పొమ్మనేదాకా కదిలేది కాదు. అంత బాగా నేర్చుకుంది. నిద్రలో పిలిచినా తిరిగేది. నేను ఒకటి రెండుసార్లు పరాచికానికి వెనక నుంచి గొంతు మార్చి పిలిస్తే చటుక్కున ఆగి, తిరిగి, మొహం ఎత్తి, నన్ను చూసి, నవ్వేది.

అక్కకు చదువు వచ్చు. మిషన్ దవాఖానలో నర్సు ట్రైనింగుకు పోవాలని ఆమె ఆశ. ఆశ అంటే మామూలు ఆశ కాదు. నాయనమ్మ కాలికి దెబ్బ తగిలితే పాత చీర చింపి మూడు రకాల కట్లు కట్టి చూసేది, కోడిపిల్లకు కాలు విరిగితే అగ్గిపుల్ల కట్టేది. దవాఖానలో పెద్ద డాక్టరమ్మ తెల్లదొరసాని, బైబిలు చదివి తెలుగు నేర్చుకున్న మనిషి. ఆమె అక్కను రెండుసార్లు పిలిపించి చూసింది. నాయన ఒప్పుకున్నాడు. దొరలకు వండిపెట్టే బట్లరు బిడ్డ దొరసాని దగ్గర నర్సు అయితే తనకూ పరువే.

ఆ రోజు క్లబ్బులో కప్పు పోటీ. చలికాలం పోయి ఎండ ముదురుతున్న రోజులు. పొద్దుటి నుంచి వంటగదిలో మటన్ కట్లెట్లు, బఠానీల సూపు, పంచదార మాడ్చి చేసే పుడింగు. నేను వంటగది వెనక గోడ మీద కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. అక్కడి నుంచి ఏడో గుంత, దాని నూనె ఇసుక, పక్కనే వాడకు వచ్చే కాలిబాట బాగా కనపడతాయి. కప్పు ఎవరిదో ఆ గుంత దగ్గరే తేలేట్టుందని బంగళా వరండాలో అందరూ లేచి నిలబడ్డారు. అక్క దవాఖాన నుంచి వస్తోంది. ఆ బాటన ఆట రోజున రాకూడదు, తెలుసు. కానీ డాక్టరమ్మ ఆమెతో సోమవారం రెండు తెల్లచీరలు తీసుకుని వచ్చి చేరమంది. ఆ మాట మోసుకుని ఎవరు చుట్టు తిరిగి వస్తారు? ఓణీ చెంగు ఎగురుతుంటే పరుగెత్తుతూ వస్తోంది. నన్ను చూసి దూరం నుంచే చెయ్యి ఊపింది. సీటు దొరికిందని నాకు ఆ చేతిలోనే తెలిసిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గోల్ఫులో కొట్టిన బంతి మనుషులున్న వైపు పోతుంటే, కొట్టినవాడు 'ఫోర్' అని అరుస్తాడు. తప్పుకోండి, తల వంచుకోండి అని ఆ కేకకు అర్థం. మా వాడలో ఎవరి నోటా 'ఫ' పలకదు, చెవి కూడా దాన్ని వినదు. మాకు ఫోటో పోటోయే, ఫికరు పికరే. అంత దూరం నుంచి గాలిలో తేలి వచ్చిన ఆ కేక మాకు ఎప్పుడూ 'పోర్' అనే వినపడేది. పోరడా అనో, పోరీ అనో దొర పిలుస్తున్నాడు అనుకునేవాళ్లం. బంతులు వెతికే పోరగాళ్లు ఆ కేకకు తల తిప్పి చూసి బంతి ఎక్కడ పడిందో కనిపెట్టేవారు కాబట్టి, అది పిలుపు కాదని అనుమానం ఎవరికి వస్తుంది? అంతమంది నౌకర్లలో ఒక్కరికీ రాలేదు.

కెప్టెన్ దొర కొట్టాడు. బంతి పక్కకు పోయింది. "ఫోర్!" అని అరిచాడు, గట్టిగానే అరిచాడు, నేను అబద్ధం చెప్పను.

అక్క ఆగింది. తిరిగింది. మొహం పైకెత్తింది. "దొరా" అంది కూడా, పెదవులు కదలడం నేను చూశాను. చింతకాయ రాలినంత చప్పుడు అయింది, అంతే. అక్క కూర్చుండిపోయింది. బంతి ఆమె మొహాన తగిలి దిశ మారి, నేల మీద పడి, నూనె ఇసుక మీదికి దొర్లి, గుంతకు జానెడు దూరంలో ఆగింది. వరండాలో చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లను నేను క్షమించగలను. వాళ్ల కళ్లు బంతి మీదే ఉన్నాయి, మనిషి మీద లేవు. తరువాత జరిగింది వేరు. దొర వచ్చాడు, అక్కను చూశాడు, అక్క వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. వెంట ఉన్న ఆఫీసరును ఆయన మొదట అడిగినది, "ఇది లెక్కకు వస్తుందా?" అని. ఆ ఆఫీసరు రూలు చెప్పాడు. దారిన పోయేవారికి తగిలిన బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే ఆడాలట. రాయికి తగిలినా, మేకకు తగిలినా అంతేనట. దొర టోపీ సరిచేసుకుని, వంగి, మెల్లగా తట్టి బంతిని డబ్బాలో వేశాడు. కప్పు ఆయనదయింది. ఆ తరువాతే జేబురుమాలు తీసి అక్కకు ఇచ్చాడు.

నేనూ నాయనా పరుగెత్తాం. నాయన ట్రే పట్టుకునే వచ్చాడు. దొర ఆయనతో, "బట్లర్, నా జీపు తీసుకపో. దవాఖానకు తీసుకపో," అన్నాడు. ఈ మాట కూడా అన్నాడు, రాయాలి. మా నాయన మడమలు జోడించి నిలబడి, "పర్వాలేదు సార్. చిన్న దెబ్బ సార్. నేను పోతే డిన్నర్ లేటయితది సార్," అన్నాడు. దొర ఎంత మంచివాడో, నాయన ఎంత మంచి నౌకరో ఒకరికొకరు చూపించుకున్నారు. నా ఒళ్లో పడి ఉన్నది మాత్రం అక్క తల.

అక్కను దవాఖానకు తీసుకుపోయింది నాయనమ్మ. రోడ్డెక్కి, సైకిల్ రిక్షావాడి చొక్కా పట్టుకుని ఆపి, చుట్ట పారేసి, అక్కను ఒళ్లో వేసుకుని కూర్చుంది. నేను వాళ్ల కాళ్ల దగ్గర కూర్చున్నాను. దారి పొడుగునా అక్క అడిగింది ఒకటే, "సోమారం వరకు తగ్గుతదా నాయినమ్మా?" అని. నాయనమ్మ ఎప్పుడూ అబద్ధాలు ఆడే మనిషి కాదు. "తగ్గుతది బిడ్డా," అంది.

కన్ను పోయింది. మర్నాడు పొద్దెక్కాక నాయన తెల్లకోటుతో వచ్చాడు, చేతిలో గిన్నె, గిన్నెలో రాత్రి మిగిలిన పుడింగు. నాయనమ్మ గిన్నె మూత తీసి చూసి మళ్లీ మూసింది. "కన్నే గద పోయింది, నోరు బాగనే ఉన్నది. తినిపియ్యి," అంది. అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. నర్సులున్నారు, చుట్టుపక్కల మంచాలన్నీ నిండుగా ఉన్నాయి. జరిగినదంతా ఆమె నాయనమ్మ నోట విని ఉంది. నాయన వైపు తిరిగి తన బైబిలు తెలుగులో అడిగింది, "ఆ కేకకు అర్థము తప్పుకొనుము, నీ తలను కాచుకొనుము అని గదా. నీవు ఆ స్థలమందు అన్ని సంవత్సరములు పని చేయుచున్నావు. నీ కుమార్తెలకు ఎందుకు చెప్పలేదు?"

నాయన నోరు కొంచెం తెరుచుకుంది. కళ్లు డాక్టరమ్మ మొహం మీద నిలబడిపోయాయి. నేను ఆయన చెయ్యి పక్కనే నిలబడి కిందినుంచి చూస్తున్నాను. ఆయనకు తెలియదు. మా అందరిలాగే ఆయనకూ అది పిలుపే. ఇంగ్లీషు మాట్లాడతాడని వాడలో పేరున్నవాడు, దొరల నోట్లో మాట పడకముందే అందుకునేవాడు, ఆ ఒక్క మాట ఎరగడు. ఎరగనని చెప్పాలంటే ఆ నర్సుల ముందు, ఆ మంచాల ముందు చెప్పాలి. కోటు గుండీ ఒకటి సర్దుకున్నాడు.

"నాకు తెల్సు డాక్టరమ్మా," అన్నాడు. "గా మాట నాకు తెల్వకుంటెనా? ఆడివోరగాండ్లకు ఎందుకని చెప్పలె."

అక్క కట్టు కట్టిన తలతో వింటోంది. పుడింగు ఎవరూ తినలేదు.

నర్సు సీటు ఇంకో అమ్మాయికి పోయింది. డాక్టరమ్మ అక్కను దవాఖాన బట్టలు ఉతికించే చోట పనిలో పెట్టించింది. ఆ పక్క గదిలోనే నర్సు పిల్లలకు కట్లు కట్టడం నేర్పేవారు. అక్క ఆ కట్టుగుడ్డలను ఉడకబెట్టి, ఆరబెట్టి, చుట్టలు చుట్టి ఇచ్చేది. కప్పునాటి విందులో దొర గ్లాసు ఎత్తి, అదృష్టమంటే ఇదీ, పోరికి తగిలి కప్పు వచ్చింది అని చెప్పి, ఏడో గుంతకు పోరి అని పేరు పెట్టాడట. నాయన ఆ కబురును ఇంటికి పండుగలాగా మోసుకొచ్చాడు.

"ఏడో గుంతకు నీ పేరు పెట్టిండ్రే!" అన్నాడు.

"నా పేరు ఎస్తేరు," అంది అక్క.

కవాతు ఆగిపోయింది. బరికె మేకుకే ఉండి ఎండిపోయింది. నాయన ముసలివాడై, క్లబ్బుకు కొత్త కుర్రాళ్లు వచ్చి, ఆయన కోటు పెట్టెలోకి పోయింది. నాయనమ్మ పోయింది. చివరికి నాయన మంచం పట్టింది అక్క జీతం మీద కట్టుకున్న రెండు గదుల ఇంట్లో. ఆమె చేసిన సేవ ఏ నర్సూ చెయ్యదు. ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, ముద్ద కలిపి పెట్టేది. కానీ మంచం పక్కన ఎప్పుడూ కన్ను లేనివైపు ఆయనకు కనపడేలా కూర్చునేది. ఆయన "పోరీ" అని పిలిస్తే తిరిగేది కాదు. వినపడనట్టు అన్నం కలుపుకుంటూ ఉండేది. దాహం వేసి గొంతు ఎండినా అంతే. "ఎస్తేరూ" అనడం ఆయనకు ఆ మంచం మీద వచ్చింది. అన్నాక నీళ్లు ఇచ్చేది, అదీ ఆ వైపు నుంచే. నేను చూడలేక ఒకసారి నేనే గ్లాసు అందుకోబోతే నా చెయ్యి తోసేసింది.

పోయే ముందు రోజు నేను గుమ్మంలో ఉన్నాను. నాయన అన్నాడు, "ఎస్తేరూ... గా మాట నాకు తెల్వదే. దొర పిలుస్తాండనే అనుకున్న నేను గూడ. అందరి ముంగట సిగ్గయి తెల్సన్న."

అక్క తడిగుడ్డ పిండుతోంది. పిండడం ఆపలేదు. "తెల్సన్నవు గద నాయినా," అంది. "అన్ని తెల్సినోనివి. గట్లనే ఉండు."

ఆయన ఏడ్చాడు. ఆమె ఆ తడిగుడ్డతోనే ఆయన కళ్లు తుడిచింది, రెండూ, జాగ్రత్తగా. నేను ఆమెను పెరట్లోకి లాక్కుపోయి, "జర నమ్మరాదే, పొయ్యే మనిషి," అన్నాను.

"నమ్ముడేంది, నాకు అప్పుడే తెల్సు. దవాఖాననే ఆయన మొఖం సూసిన. ఒక కన్ను ఉండె గద," అంది. "తెల్వదని అప్పుడు ఒక్కమాట అంటే, ఇద్దరం తెల్వనోళ్లమేనని నేను ఆయనతోని కూసుండి ఏడ్తును. నా కన్నుకన్న ఆయనకు ఇంగ్లీషు ఎక్కువైంది. గిప్పుడు చెప్తే గది ఎవల కొరకు? నా కొరకైతె కాదు."

ఇప్పుడంటారు, మీ కాలం ఎంత బాగుండేదో అని. నా కథలు చదివిన పిల్లలు కూడా అంటారు. పొయ్యి మీద కాగే పులుసు, చలికాలం పొద్దున నిప్పుల ఇస్త్రీపెట్టె వెచ్చదనం, నాయనమ్మ చుట్ట కంపు, ఇవన్నీ నిజమే, అవి లేవని నాకూ బెంగే. వాటి పక్కనే ఆ మేకు కూడా ఉండేది. మొన్న రాతిపలక పండగకు వాళ్లు పంపిన కారులో పోయి చూశాను, ఆ మైదానం ఇప్పుడు కళ్లకు పండుగ. సగం ఇళ్ల కిందికి పోయినా మిగిలిన సగం పచ్చగా ఉంది, గొట్టాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. నూనె ఇసుక తీసేసి అక్కడ కూడా గడ్డి పెంచారు. ఆడపిల్లలు పొట్టి లాగులేసుకుని ఆడుతున్నారు, వాళ్లను చూసి నాకు సంతోషమే కలిగింది. గేటు దగ్గర మూడు భాషల్లో ఒక బోర్డు ఉంది. తెలుగులో ఇలా ఉంది: 'ఫోర్ అనే కేక వినిపిస్తే వెంటనే తల వంచి కాపాడుకోండి.' అక్క కారు దిగి, అద్దాలు కొంచెం పైకి జరిపి, బడిపిల్లలాగా ఒక్కో అక్షరం చదివింది. పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి చదివింది. మా కాలానికీ ఈ కాలానికీ తేడా ఎంత అని నన్నెవరైనా అడిగితే ఆ బోర్డు చూపిస్తాను. ఒక్క వాక్యం. రాయడానికి రేకు ముక్క చాలు.

ఏడో గుంత దగ్గర షామియానా వేశారు. ఆ పిల్లవాడు మైకులో తెల్ల గుర్రం కథ చెప్పాడు. పిలిస్తే ఆగి తిరిగేదని అక్క చెప్పిన ముక్క చేర్చాడు, జనం ముచ్చటపడి నవ్వారు. అక్క నా వైపు చూడలేదు. ముసుగు తాడు లాగింది. నల్లరాతి మీద తెల్ల అక్షరాలు, పోరి. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అక్క రాయి దగ్గరికి పోయి, వేలితో ఆ రెండు అక్షరాలను తడిమి, అద్దాలు తీసి చెంగుకు తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది. కన్ను లేనివైపు జనానికి, ఉన్నవైపు రాతికి పెట్టి నిలబడింది.

ఫోటోగ్రాఫరు ముందుకు వచ్చి కెమెరా ఎత్తాడు. ఒకసారి పిలిచాడు. అక్క కదల్లేదు. పిల్లవాడు కూడా వచ్చి పక్కన నిలబడి, నవ్వుతూ, మర్యాదగానే అన్నాడు, "అమ్మా, జర ఇటు తిరుగుండ్రి. మొఖం కనవడాలె."

అక్క రాతి వైపే చూస్తూ అంది, "ఒక్కపారి తిరిగిన బిడ్డా. సాలు."